నడుము దగ్గర ఆగిన తిట్టు

కొమురవ్వ తిట్టుకు ఒక వరస ఉండేది. కాళ్ల దగ్గర మొదలుపెట్టేది. "నీ కాళ్లు ఇరుగ" అని ఎత్తుకుని, నడుముకు వచ్చి, చేతులు పడగొట్టి, నోట్లో మన్ను పోసి, కండ్లు పోగొట్టి, చివరికి ఇంటి పెంకుల మీదికెక్కి "నీ గూనల మీద గడ్డి మొలువ" అని దిగేది. ఇదంతా ఒకే ఊపిరి. మధ్యలో మింగడం లేదు, మాట వెతుక్కోవడం లేదు.

ఆదిలాబాదులో జిన్నింగు మిల్లుల వెనక మా వాడ. కొమురవ్వ పెళ్లై వచ్చిన మరుసటి ఏడే మిల్లులో చేరింది. యంత్రాల ముందు పత్తి పరచడం, గింజ వేరైన దూదిని పోగు చేయడం ఆమె పని. లోపల ఎప్పుడూ మంచు కురిసినట్టు దూది నుసి ఎగిరేది. ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్లు. కొమురవ్వ కూడా కట్టుకునేది గాని, తిట్టడానికని మాటిమాటికి విప్పేది. యంత్రాల చప్పుడు మీద నుంచి ఆమె గొంతు గేటు దాకా వినిపించేదని, పని చూసే ముకద్దం ఆమెకు ఎదురుపడకుండా అటు తిరిగి పోయేవాడని చెప్పుకుంటారు.

మిల్లులో అందరికీ తలా కాస్త దొరికేది. ఇంటికి వచ్చాక మాత్రం ఆమె తిట్లన్నీ ఒక్క మనిషికే. ఆ మనిషి ఆమె యారాలు, మరిది భార్య భూమవ్వ. ఒకే ఇంటిని నడుమ గోడ పెట్టి రెండు చేసుకున్నారు. ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. భూమవ్వ పెరట్లో కోళ్లు, ఒక మేక. ఆమె తన కోళ్లతో మాట్లాడుతుంది, కొమురవ్వ తన నీళ్ల గోలెంతో మాట్లాడుతుంది.

"ఇన్నవా కోడే, కొందరికి పొద్దు పొడువకముందే నోరు లేస్తది."

"గోలెమా, కోళ్లతోని ముచ్చట వెట్టేటోళ్లకు మనుషులు కరువైన్రు గావచ్చు."

మేము చేతిపంపు దగ్గర బిందెలు పెట్టుకుని వింటూ ఉండేవాళ్లం. ఇద్దరికీ మంచితనం లేదని కాదు. అది ఎవరి కంటా పడకుండా దాచుకోవడానికి ఇద్దరూ చాలా కష్టపడేవాళ్లు.

ఆ పగ అరవైతొమ్మిది తెలంగాణ లొల్లిలో బడులన్నీ మూతబడ్డ ఏడు మొదలైంది. అప్పటికి గోడ లేదు. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. ఆ ఎండాకాలం కొమురవ్వకు ఒళ్లంతా నీటిపొక్కులు లేచాయి. అమ్మవారు, పోచమ్మ పోసిందన్నారు. ఆమెకు తగ్గుముఖం పడుతుండగా భర్త పొచ్చన్నకు పోసింది. ఇంటికి వేపమండలు కట్టారు. పోచమ్మ ఉన్న ఇంట్లో పొయ్యి మీద నూనె కాగకూడదు, పోపు వాసన రాకూడదు. అది మా దగ్గర చిన్నపిల్లలకూ తెలిసిన కట్టడి. పొచ్చన్న బీడీలు బాగా తాగే మనిషి. పొక్కులు లేచిన కొన్నాళ్లకే దగ్గు మొదలై, గుండె ఎగిరెగిరి పడుతుండేది.

అలా ఉన్న రోజుల్లో ఒకనాడు భూమవ్వ తమ్ముడు ఉట్నూరు నుంచి నడిచి నడిచి వచ్చాడు. వాడి ముఖం చూసి భూమవ్వ ఆగలేకపోయింది. ఉత్త పప్పు ఎలా పెట్టాలని, ఇన్ని ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ వేసి పోపు పెట్టింది. ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. లోపల పొచ్చన్న దగ్గు అందుకున్నాడు. ఆ దగ్గు ఆగలేదు. తెల్లవారేసరికి మనిషి లేడు.

కొమురవ్వ ఇంకా చెక్కులు రాలని ముఖంతో వాకిట్లోకి వచ్చింది. "నా మొగన్ని పోపు వెట్టి సంపినవు గదనే!"

భూమవ్వ అప్పుడు ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. భయపడ్డ మనిషి నోటికి ఏది వస్తే అది అంటుంది. "ఆకలైనోనికి బువ్వ వెట్టిన. నీ మొగడు బీడీలు తాగి సచ్చిండు" అన్నది. శవం ఇంకా వాకిట్లోనే ఉంది.

దినాలు అయిన వెంటనే గోడ లేచింది.

ఏళ్లు గడిచాయి. కొమురవ్వ కొడుకు లచ్చయ్య పెరిగి, పెళ్లి చేసుకుని, తల్లి పనిచేసిన మిల్లులోనే చేరాడు. కొమురవ్వ నెత్తి నెరిసింది. ఆమెకు దమ్ము పట్టుకుంది. మొదట మిల్లు నుంచి వచ్చిన సాయంత్రం మాత్రమే గుండె పట్టేసినట్టుండేది. తర్వాత బిందె ఎత్తినా ఆయాసమే. చివరికి కొడుకు పని మాన్పించాడు. మాన్పించినా దూది నుసి ఆమెను వదిలిపెట్టలేదు. పొద్దున్నే గోడకు ఆనుకుని దగ్గి దగ్గి గళ్ల తీస్తే, లోపలి కఫమంతా పడితే గాని ఆమెకు మాట వచ్చేది కాదు. మాట వచ్చాక మాత్రం మునుపటి మాటే.

ఒక సంగతి వాడలో ఎవరూ పట్టించుకోలేదు. భూమవ్వ ఎండుమిరపకాయలు వేయించాలంటే పొయ్యి పెరటి చివరికి మోసుకుపోయేది. ముందు ఒక చారెడు బూడిద పైకి చల్లి గాలి ఎటు పోతున్నదో చూసేది. గాలి గోడ వైపు ఉంటే ఆ పూట చింతపండు పులుసుతో సరిపెట్టుకునేది. ఎందుకని అడిగితే కస్సుమనేది. "దానికి జర ఘాటు తలిగితె మల్ల నేనే సంపిన అంటది. నాకెందుకు పరేషాన్!"

ఎనభైల చివర్లో ఒక చలికాలం, దసరా పోయి మిల్లులకు కొత్త పత్తి బండ్లు వస్తున్న రోజుల్లో, కొమురవ్వకు కుడిపక్క డొక్కల మీద మంట పుట్టింది. నిప్పు కణిక ఆనించినట్టుందని జాకెట్టు విప్పి కూర్చుంది. రెండు రోజులకు వెన్నుపూస దగ్గర నుంచి రొమ్ము కిందికి, ఒక పట్టీలాగా, గుంపులు గుంపులుగా నీటిపొక్కులు లేచాయి. పక్కింటి బాలవ్వ చూసి నోటి మీద చేయి వేసుకుంది.

"వదినే, గిది సర్పి. పాము లెక్క తిరుగుతది. తల వచ్చి తోకను కలిస్తె మనిషి దక్కదు."

బాలవ్వ చెడ్డది కాదు. ఈ వాడలో ఎవరి ఇంట్లో కాన్పైనా, చావైనా ముందు వచ్చేది ఆమె. ఎర్ర జాజు నూరి తెచ్చి పొక్కుల చుట్టూ గీత గీసింది. ముతక గుడ్డ చీల్చి, పసుపు నీళ్లలో ముంచి, తాడులా మెలితిప్పి, పాముకు తోవ లేకుండా కొమురవ్వ డొక్కల చుట్టూ కట్టింది. వీపుకు మోకాలు ఆనించి బిగలాగింది.

"ఊపిరాడుతలేదే బాలవ్వా!"

"ఆడొద్దు వదినే. నీకు ఊపిరాడితె దానికి తోవ దొరుకుతది. దగ్గకు, గట్టిగ మాట్లాడకు. ఎండేదాక గీ కట్టు ఇప్పద్దు. ఇప్పినోళ్ల పెయ్యి మీదికి సర్పి ఎక్కుతది."

లచ్చయ్య దవాఖానకు తీసుకుపోతానన్నాడు. కొమురవ్వే వద్దన్నది. ఎవరికీ భయపడని మనిషి ఆ పాముకు భయపడింది. రెండు చేతులతో కట్టు పట్టుకుని, పైపైన ఊపిరి తీసుకుంటూ, గోడవైపు తిరిగి పడుకుంది. దగ్గు వచ్చినా మింగేసింది. బాలవ్వ పూటపూటకు జావ కాచి తెచ్చి, చల్లార్చి, చెంచాతో పోసి పోయేది. ఆమె ప్రేమలో లోటు లేదు.

వాడ నిశ్శబ్దమైంది. చెప్పుకోకూడదు గాని అందరికీ ప్రాణం హాయిగా ఉంది. పొద్దున్నే పిల్లలు బుగులుతో ఉలిక్కిపడి లేవడం లేదు. ఆ నిశ్శబ్దం పడనిది ఒక్క భూమవ్వకే.

మొదటి పొద్దున ఆమె కోళ్లకు గింజలు చల్లుతూ, "ఏమే కోడే, గోడ అవుతల నోరు లేని పిల్లి పండుకున్నదా ఏంది?" అన్నది. జవాబు లేదు. మర్నాడు ఇంకాస్త గొంతు పెంచి, "కొందరికి దేవుడు ఇప్పటికన్న బుద్ధి ఇచ్చిండు" అన్నది. జవాబు లేదు. ఆ తర్వాత పిడకలు ఆరబెట్టిన చోట పడేలా కుడితి నీళ్లు గోడ మీద నుంచి గుమ్మరించింది. దానికి మామూలుగా అయితే గూనల మీద గడ్డి మొలవాల్సిందే.

లోపల నుంచి సన్నగా వచ్చింది. "నీ కాళ్లు..."

అంతే. భూమవ్వ ఖాళీ బకెట్టుతో అలాగే నిలబడి వింటూ ఉంది. నడుము రాలేదు.

పంపు దగ్గరికి వచ్చి బిందె కింద పెట్టకుండానే అన్నది. "అది సస్తున్నది."

"ఎవరు భూమవ్వా?"

"ఇంకెవలు! మొన్న వానకాలంల కూడ దాని తిట్టు నోటిదాక వచ్చింది. దసరాదాక చేతులకాడికన్న వచ్చింది. గియ్యాల నడుముకాడికి రాలే. మీకు చెవులు లేవానే? సప్పుడు లేదని సంబురపడుతున్నరు!"

బిందె అక్కడే వదిలేసి బస్టాండు వైపు పోయింది. కాసేపటికి వాడలోకి స్కూటరు వచ్చింది. బస్టాండు దగ్గరి డాక్టరు కరుణాకర్‌రావు నడుపుతున్నాడు. వెనక భూమవ్వ అడ్డంగా కూర్చుని, డాక్టరు సంచిని చంటిపిల్లలా రొమ్ముకు అదుముకుని, కండ్లు గట్టిగా మూసుకుని ఉంది. "నా పగది సస్తున్నది సారూ, జర జల్ది రాండ్రి" అని పిలిచిందట. ఇంత వైద్యంలో అలా పిలిచిన మనిషిని చూడలేదని ఆయన తర్వాత నవ్వుకున్నాడు.

లచ్చయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు మా ఇంట్ల కాలు వెట్టద్దు. మా బాపును తిన్నది సాలదా?"

"నేను వెడుతలేను తియ్యి. డాక్టరు సాబు వెడుతడు. ఆయనకు అడ్డం పడుతవా? పడు మరి!"

లచ్చయ్య తప్పుకున్నాడు. భూమవ్వ గడప ఇవతలే ఉండిపోయింది.

కొమురవ్వ పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఒళ్లు కాలుతోంది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, ముఖం చిట్లించి, కట్టును చూశాడు. "ఇది ఎవరు కట్టిన్రు? ముందు విప్పండి."

ఎవరూ కదలలేదు. బాలవ్వ సర్పి సంగతి, విప్పినవాళ్ల ఒంటి మీదికి అది ఎక్కే సంగతి చెప్పింది. లచ్చయ్య తన చంటిపిల్లల వైపు చూశాడు. డాక్టరు తానే చేయి చాపితే, కొమురవ్వ ఉన్న బలమంతా తెచ్చుకుని ఆ చేతి మీద ఒకటి వేసింది.

డాక్టరు కోపం తెచ్చుకోలేదు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అవ్వా, నీకు ముందెప్పుడన్నా అమ్మ పోసిందా? నీటిపొక్కులదా?"

కొమురవ్వ తల ఊపింది. లచ్చయ్య చెప్పాడు. "లొల్లి అయిన ఏడు సారు. బాపు గూడ గప్పుడే పోయిండు."

"ఇది అదే. అప్పుడు పొక్కులు ఎండినయి గాని ఆ పురుగు పోలేదు. కంటికి కనపడని పురుగు అది. వెన్నుపూస పక్కన నరంల దాక్కుని ఇన్నేండ్లు నిద్రపోయింది. వయసు మీద పడి, ఒంట్లో సత్తువ తగ్గితే లేస్తది. దమ్మున్నోళ్లల్ల ఇంకా ఎక్కువ లేస్తదని అంటున్నరు. అది లేచినందుకే దమ్ము ముదురుతదో, దమ్ము ముదిరినందుకే అది లేస్తదో, పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా వెతుకుతున్నరు. నాకు గట్టిగ తెల్వదు. తెలిసిందొకటి చెప్త. ఇది పాము కాదు. ఒక నరం పట్టుకుని ఒక పక్కనే వస్తది. తిరిగి వచ్చి తోకను కలువదు."

"మరి గిట్లెందుకైంది సారు?" అన్నది బాలవ్వ ఏడుపు గొంతుతో.

"మంటకు మనిషి ఎట్లాగూ నిండా ఊపిరి తీసుకోదు. నువ్వు దానిమీద కట్టేసినవు. ఈమెకు పొద్దుగాల దగ్గి గళ్ల తియ్యనిదే గడవదు. ఆ గళ్ల లోపలే ఉండి ఊపిరితిత్తి చెడుతున్నది. ఇట్లనే ఉంటే ఈమెను సంపేది సర్పి కాదు, ఈ గుడ్డ."

బాలవ్వ చెంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నిళ్ల చావుల్లో ఓదార్చిన మనిషిని ఆ క్షణం ఎవరూ ఓదార్చలేకపోయారు.

కొమురవ్వ పెదవులు కదిలాయి. లచ్చయ్య చెవి దగ్గర పెట్టి విని డాక్టరుకు చెప్పాడు. "బాపు పోపు ఘాటుకు పోయిండు గద, అంటున్నది సారు."

"బీడీలు తాగే పెద్దోళ్లకు అమ్మ పోస్తే ఒక్కోసారి ఊపిరితిత్తులకు దిగుతది. ఘాటుకు దగ్గొస్తది, అంతే. పోపు పెట్టకున్నా ఆయన దక్కేటోడు కాదేమో."

గడప ఇవతల భూమవ్వ కింద కూర్చుండిపోయింది. ఆమె ముఖం మేము చూడకూడదని తల పక్కకు తిప్పుకున్నాం. ఇన్నేళ్లుగా బూడిద చల్లి గాలి చూసిన మనిషి. తాను చంపానని తాను కూడా నమ్మిందని మాకు అప్పుడు తెలిసింది.

లోపల కొమురవ్వ మళ్లీ ఏదో అన్నది. ఈసారి లచ్చయ్య చెప్పడానికి సందేహించాడు.

"ఏమంటున్నది?" అన్నాడు డాక్టరు.

"గీ డాక్టరును అదే నేర్పి తెచ్చింది, అంటున్నది సారు."

"కట్టు సంగతి?"

లచ్చయ్య మళ్లీ వంగి విన్నాడు. తల గీరుకున్నాడు. "ఇప్పాలంటె... అదే ఇప్పాల్నట. సర్పి దాని పెయ్యి మీదికే ఎక్కాల్నట."

భూమవ్వ లేచింది. తన ఇంట్లోకి పోయి కత్తెర తెచ్చి గడప దాటింది. గోడ లేచిన తర్వాత ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. "రానీ" అన్నది. "నీ సర్పి నీ లెక్కనే ఉంటది. నా పెయ్యిల దానికి తిండి దొరుకది."

డాక్టరు నవ్వు ఆపుకుని, నీకు అమ్మ పోసిందా అని అడిగాడు. చిన్నప్పుడే పోసిందని చెప్పి ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ముడి కొమురవ్వ చర్మంలో కూరుకుపోయి ఉంది. కత్తెర మొన పొక్కుకు తగలకుండా గుడ్డ కింద తన వేలు పెట్టుకుని, కొంచెం కొంచెంగా కత్తిరించింది. కొమురవ్వ కండ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. ఆ చూపులో కృతజ్ఞత లేదు. ఇప్పుడే ఎక్కుతుంది చూడు అన్నట్టుంది.

గుడ్డ తెగి పడింది. కొమురవ్వ డొక్కలు పైకి లేచాయి. ఊపిరి లోపలికి పోయింది, నొప్పికి కేక వేసింది, కేక వెనకే దగ్గు వచ్చింది. డాక్టరు తలకింది మెత్త తీసి, మంట మీద అదిమి పట్టుకుని దగ్గమన్నాడు. మెత్త పట్టుకున్నది భూమవ్వే. పచ్చటి గళ్ల పడింది. ఇంకా పడింది. అప్పుడు కొమురవ్వ తల ఎత్తి, గోలెంతో కాదు, నేరుగా యారాలి ముఖంలోకి చూసి అన్నది.

"నీ కాళ్లు ఇరుగ! గంత గట్టిగ వట్టుకుంటవానే! నీ నడుము..."

అక్కడ దగ్గు అందుకుంది.

"బాగున్నది" అన్నాడు డాక్టరు. "ఇట్లనే గట్టిగ మాట్లాడాలె. గళ్ల కదులుతది."

"అంటె ఇగ నన్ను తిట్టుడే దానికి మందా సారూ?" అన్నది భూమవ్వ.

పెద్ద దవాఖానలో సూదులు పడ్డాయి. జ్వరం దిగింది. కొమురవ్వ ఇంటికి వచ్చింది గాని ఊపిరి సత్తువ ఒక మెట్టు కిందికే దిగింది. మునుపటిలా వాడ చివరి దాకా నడవలేకపోయింది. పొక్కులు ఎండినా ఆ పట్టీ మీద మంట నెలల తరబడి ఉంది. జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకునేది కాదు. ఒక పొద్దున గోడ మీద ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పాత నూలుచీర కనిపించింది. అది భూమవ్వదని అందరికీ తెలుసు. మర్నాటికి ఆ చీర ముక్క కొమురవ్వ ఒంటి మీద ఉంది.

"కోడి పొదుగుటానికి పరుద్దామని ఏసిన. ఎవలో ఎత్కపోయిన్రు" అన్నది భూమవ్వ కోడితో.

బాలవ్వ మాత్రం చాలా రోజులు చేతిపంపు దగ్గర భూమవ్వ మెడ, చేతులు వెతికి వెతికి చూసేది. సర్పి ఎక్కలేదు.

పోపు మాట కొమురవ్వ ఒక్కసారే ఎత్తింది. ఎండలో మాతో కూర్చుని చింతగింజలు తీస్తూ, "పోపుతోని కాదట గద" అన్నది. కాసేపు గింజలు ఏరి, "అయినా పెట్టద్దుండె" అన్నది. అంతకు మించి ఆమె దిగి రాలేదు. దేవుడు కూడా ఆమె నుంచి అంతకు మించి అడిగి ఉండడనుకుంటాను.

ఇక పొద్దున్నే గోడ అవతల నుంచి రెచ్చగొట్టడం భూమవ్వ పని అయింది. కొన్నాళ్లు తిట్టు నడుము దగ్గరే ఆగేది. చేతుల దాకా వచ్చిన రోజు భూమవ్వ పంపు దగ్గర కాస్త ఎక్కువ మాట్లాడేది. శివరాత్రి వెళ్లి చలి తగ్గాక, ఒక పొద్దున ఆమె కుడితి బకెట్టు గోడ మీద నుంచి గుమ్మరించి, కోళ్లకని గింజలు చేతిలోకి తీసుకుంది.

"నీ కాళ్లు ఇరుగ, నీ నడుము వంగ, నీ చేతులు పడ..." ఒక ఊపిరి ఆగింది. బిందెలు పట్టుకుని మేమూ ఆగాం. భూమవ్వ కోళ్లను "ష్" అన్నది. "నీ నోట్లె మన్నువడ, నీ కండ్లు పోను, నీ గూనల మీద గడ్డి మొలువ!"

భూమవ్వ తల ఎత్తి తన ఇంటి గూనల వైపు చూసింది. చేతిలో ఉన్న గింజలన్నీ ఒక్కసారే చల్లేసింది.

"మొలిస్తె మొలువనీయే కోడే" అన్నది. "మేకకైతది."